ఇరవై మూడో తప్పు

గురువారం మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. సాయంత్రం ఐదింటికి రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలింపు ఆపేస్తామని ఎస్సై రవికాంత్ పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. ఆపేశాక శ్రీసుధ పేరు పక్కన ఏం రాస్తారో డిటెక్టివ్ శరత్ చంద్రకు తెలుసు. అది రాసేశాక ఆమె ఎక్కడైనా ప్రాణాలతో ఉన్నా సరే, ఇక వెతికేవాడు ఉండడు.

అందుకే అతను కుర్చీ ముందుకు లాక్కుని, ఎదురుగా కూర్చున్న ప్రద్యుమ్నను మళ్ళీ మొదటినుంచీ అడగడం మొదలుపెట్టాడు.

"మంగళవారం నాడు ఎన్నింటికి వచ్చేరు?"

"మూడుసార్లు సెప్పేను. పదీ అయిదు అయ్యుంటాది."

"కాగితం ఎప్పుడు సూసేరు?"

"పదింపావుకి. శ్రీసుధ టేబుల్ మీద, పేపర్ వెయిట్ కింద."

"పోలీసులకి?"

"పదిన్నరకి. ఆ పావుగంటా తన ఫోనుకే చేస్తన్నాను. స్విచాఫ్."

మూడుసార్లూ ఒకే జవాబు. నిమిషం అటూ ఇటూ కాలేదు. నిజం చెప్పేవాడు ఒక్కసారైనా తడబడతాడని శరత్ చంద్ర అనుభవం. కానీ రోజంతా లెక్కలు కట్టే మనిషికి నిమిషాలు గుర్తుండటంలో వింతేముందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

బరంపురం మహోదధి యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో రెండో అంతస్తు గది అది. యంత్రాలు లేవు, గాజు గొట్టాలు లేవు. మూడు టేబుళ్ళు, రెండు నల్లబల్లలు, ఒక ఇనప బీరువా, గది నిండా సుద్దపొడి. ఈ గదిలో పనిచేసేది ముగ్గురు. ప్రొఫెసర్ అనంతపద్మనాభం, ఆదివారం మీటింగుకని భువనేశ్వర్ వెళ్ళి ఇవాళే తిరిగి వస్తున్నాడు. ఆయన దగ్గరే డాక్టరేటు చేసి, ఆయన దగ్గరే కొనసాగుతున్న ప్రద్యుమ్న, వచ్చే సోమవారం ఇక్కడే లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉన్నవాడు. మూడోది శ్రీసుధ. ఇరవై ఏడేళ్ళ పిల్ల, రెండు రోజులుగా కనబడటం లేదు.

"మీ పని ఏటో నాకర్థమయ్యేలాగ సెప్పండి," అన్నాడు శరత్ చంద్ర.

"ప్రోటాన్‌కి స్పిన్ అని ఒక గుణం ఉంటాది. బొంగరం తిరుగుడు లాంటిదనుకోండి, సరిగ్గా అదే కాదు గానీ. ఆ స్పిన్ పైకి ఉన్న ప్రోటాన్ని ఢీకొడితే ముక్కలు ఎడమకి ఎక్కువ పోతాయా, కుడికి ఎక్కువ పోతాయా? ప్రయోగం చేసేవాళ్ళ కన్నా ముందు కాగితం మీద సెప్పడమే మా పని. మూడేళ్ళ కిందట ఎడమకి అన్నాం. ఆ పేపర్‌తోనే గ్రూపుకి పేరొచ్చింది."

"శ్రీసుధ కడతన్న లెక్క?"

"అదే. ఇంకా లోతుగా. పాపం, తేల్లేదు. ఆ కాగితంలో రాసింది కదా."

ఆ కాగితంలోని మాటలు శరత్ చంద్రకు కంఠతా వచ్చేశాయి. పైన నాలుగైదు వరసల లెక్క. దాని కింద శ్రీసుధ చేతిరాతే, సందేహం లేదు: 'నా లెక్క తప్పు. ఇన్నాళ్ళూ అందరి సమయం వృథా చేశాను. నన్ను క్షమించండి.' ఆ కాగితం ఇక్కడ టేబుల్ మీద దొరికింది. ఆమె స్కూటీ, చెప్పులు ముప్పై మూడు కిలోమీటర్ల అవతల గంజాం ఊరి దగ్గర, రుషికుల్య సముద్రంలో కలిసే చోట దొరికాయి. రెంటినీ కలిపి చదివితే చిన్నపిల్లాడైనా ఒకే మాట చెబుతాడు.

"ఇంకోటి," అన్నాడు శరత్ చంద్ర. "శ్రీసుధ చెల్లెలు శ్రీజ ఇంట్లో అక్క సామాను సూసేను. బట్టల కింద సీలేసిన బ్రౌన్ కవరొకటుంది. పైన తేదీ, సంతకం. అదేటి?"

తెరిచి చూద్దామంటే చెల్లెలు శ్రీజ ఒప్పుకోలేదు. అక్క వచ్చి తనే తెరుస్తాదని పట్టుబట్టింది. అక్క వస్తుందన్న ఆ ఒక్క మాట మీదే ఆ పిల్ల నిలబడి ఉంది కదా అని అతను బలవంతం చేయలేకపోయాడు.

ప్రద్యుమ్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "స్కాలర్‌షిప్ కాగితాలయ్యుంటాయి. మీరు పొద్దుట్నుంచీ ఏటీ తిన్లేదు. ఉండండి, కేంటీన్‌లో టీ సెప్పొస్తాను."

అతను బయటకు వెళ్ళేసరికి రెండూ ఇరవై.

శరత్ చంద్ర ఒకప్పుడు డిటెక్టివ్ కాదు. పడవల బీమా సర్వేయరు. ఆర్యపల్లిలో కొండలు అనే జాలరి పడవతో సహా తప్పిపోయినప్పుడు, రెండో రోజు సాయంత్రం 'ఆశ లేదు' అన్న కాగితం మీద సంతకం చేసింది అతనే. ఆ సంతకం పడగానే వెతికే పడవలు ఒడ్డుకొచ్చేశాయి. నెల తర్వాత కొండలు పడవ దొరికింది. లోపలి పలక మీద రోజుకొకటి చొప్పున గీసుకున్న గీతలు ఐదు ఉన్నాయి. ఆ ఉద్యోగం మళ్ళీ చేయలేకపోయాడు.

ఇవాళ రెండో రోజు. శ్రీసుధ, శ్రీజ అతనింటి వీధి పిల్లలే, గేట్ బజార్‌లో బట్టల కొట్టు నడిపిన వాళ్ళ నాన్న అతని స్నేహితుడు. అతను లేచి శ్రీసుధ టేబుల్ దగ్గరకు నడిచాడు.

టేబుల్ శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రమంటే, పెన్నుల డబ్బా కింద కూడా సుద్దపొడి లేదు. అటెండర్ లక్ష్ముడు అప్పుడే కుండతో నీళ్ళు పట్టుకుని లోపలికి వచ్చాడు.

"లక్ష్ముడూ, ఈ బల్లలు రోజూ నువ్వే తుడుస్తావా?"

"నేనేనండి. తడిగుడ్డ పెట్టి తుడుస్తాను. సుద్ద ఊరుకోదు కదండి."

"మంగళవారం తుడిచేవా?"

"తుడవకేటి. వేలు పెట్టే మిషన్లో ఎనిమిదీ పన్నెండుకి వేలెట్టేను. కింద రెండు గదులు, తర్వాత ఇదే. ఎనిమిదిన్నర."

"అప్పుడు ఈ బల్ల మీద కాగితముందా?"

లక్ష్ముడు కుండ కింద పెట్టాడు. "లేదండి. పేపర్ వెయిట్ ఎత్తి మరీ తుడిచేను. ఏ కాగితమూ లేదు. నన్నెవులూ అడగనే లేదు."

శరత్ చంద్ర చిన్న నోటు పుస్తకం తీశాడు. గంజాంలో చేపల రేవుకొచ్చిన ఇద్దరు జాలర్లు శ్రీసుధ స్కూటీని మొగ దగ్గర చూసింది పొద్దున్న ఏడూ నలభైకి. ఆ సంగతి పోలీసు కాగితాల్లోనే ఉంది. ఏడూ నలభైకి అక్కడ నీళ్ళలో దిగిన మనిషి, ఎనిమిదిన్నర దాటాక ఇక్కడికొచ్చి ఉత్తరం ఎలా పెట్టింది?

"ఇంకా ఇక్కడే ఉన్నారా?"

గుమ్మంలో రవికాంత్. టోపీ చంకలో, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు. అతనిదీ బరంపురంలో పాత తెలుగు కోమటి కుటుంబమే, చదువుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే వీధిలో క్రికెట్ ఆడారు. ఆ చనువు ఇప్పుడు పోట్లాటలో మాత్రమే కనబడుతుంది.

"ప్రొఫెసర్ వస్తన్నాడట, ఆయన సంతకం ఒకటి తీసుకుంటే ఈ ఫైలు ఒడియాలో అన్నట్టు హెలా, అయిపోయినట్టే," అన్నాడు రవికాంత్. "మీరు కూడా ఇంటికెల్లి పడుకోండి శరత్ గారూ. ఇది పడవల ఇన్సూరెన్స్ కాదు."

"ఎనిమిదిన్నరకి బల్ల మీద ఉత్తరం లేదు రవీ. ఈ లక్ష్ముడు సాక్షి."

రవికాంత్ లక్ష్ముడి వైపు చూశాడు. "రోజూ తుడిచే బల్లే. ఏ రోజు ఏం సూసేడో ఎవుడికి గుర్తుంటాది? కోర్టులో నిలుస్తాదా ఈ మాట?"

"వేలిముద్ర మిషన్లో టైముంది."

"వేలెట్టిన టైముంటాది. కాగితం లేదని మిషన్ సెప్తాదా? రెండు పడవలు, తొమ్మిదిమంది మనుషులు రెండ్రోజులుగా అక్కడే ఉన్నారు. మీ మాట మీద పురుషోత్తంపూర్ స్టేషన్ జీపు కూడా తెప్పించి మొగ దగ్గర కాపలా పెట్టేను. ఇంకేటి చెయ్యమంటారు నన్ను?"

అతని మాటలో అబద్ధం లేదు. అందుకే శరత్ చంద్రకు ఎక్కువ భయం వేసింది. తెలివితక్కువ వాడితో వాదించి గెలవచ్చు, ఇతను తెలివితక్కువ వాడు కాడు.

"ఆ కాగితం ఒక్కసారి ఇవ్వు."

ప్లాస్టిక్ కవరుతోనే తీసుకుని, జేబులోంచి స్టీలు టేపు తీసి కొలిచాడు. బీమా రోజుల్లో అలవాటైన పని. "మామూలు కాగితం వెడల్పు ఇరవై ఒక్క సెంటీమీటర్లు. ఇది పందొమ్మిదే. మూడు అంచులు తిన్నగా ఉన్నాయి. ఎడం అంచు సూడు, కత్తెర వంకరగా ఎల్లింది."

"చచ్చిపోయే మనిషి కాగితం కొల్సుకుని రాస్తాదా ఏటి?"

"రాయదు. అందుకే అడుగుతున్నాను, ఎవరు కత్తిరించేరు అని. ఇంకోటి విను. సోమవారం సాయంత్రం శ్రీసుధ స్కూటీ సర్వీసింగ్ చేయించింది. షాపువాడు కార్డు మీద మీటరు రాసేడు. ఇప్పుడు మొగ దగ్గర మీటరు సూస్తే అరవై తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువుంది. వాళ్ళ ఇంటినుంచి మొగకి ముప్పై మూడే. మిగతా ముప్పై ఆరు ఎక్కడ తిరిగింది?"

"చావబోయే ముందు ఊరు తిరిగుంటాది," అన్నాడు రవికాంత్. కానీ ఆ మాట అనేటప్పుడు అతను శరత్ చంద్ర కళ్ళలోకి చూడలేదు.

మూడూ ఐదుకి ప్రొఫెసర్ అనంతపద్మనాభం వచ్చాడు. చేతిలో రైలు ప్రయాణపు సంచీ అలాగే ఉంది. అరవై దాటిన సన్నటి మనిషి, రెండు మెట్ల వరసలు ఎక్కేసరికి రొప్పుతున్నాడు. ఫోన్లో కబురు విన్నాడే తప్ప ఆ కాగితం ఆయనకు ఎవరూ చూపించలేదు. చేతిరాత శ్రీసుధదేనని ప్రద్యుమ్న చెప్పాడు, పోలీసులకు అది సరిపోయింది.

రవికాంత్ ప్లాస్టిక్ కవరు అందించాడు. రెండ్రోజులుగా అందరూ కింది మాటలు చదివిన కాగితంలో ఆయన పైన ఉన్న లెక్క చదివాడు. ఒక్కో వరసా వేలితో దాటుతూ చదివి, తలెత్తాడు.

"ఇది మొన్నటిది కాదు. నిరుడు మార్చి నెలది."

"తేదీ లేదు కదండీ," అన్నాడు రవికాంత్.

"తేదీ ఎందుకయ్యా? గుర్తులు సూడు. ఇక్కడ ప్లస్ ఉంది. నిరుడు జూన్ దాకా ఈ చోట ప్లస్ రాసేవాళ్ళం, తర్వాత పద్ధతి మార్చి మైనస్ చేసేం. రెండు పద్ధతులూ ఒప్పే, కానీ గదిలో అందరూ ఒకటే వాడాలి. మార్పించింది శ్రీసుధే. పాత పద్ధతిలో రాస్తే నన్ను కూడా వదిలేది కాదు. ఆ పిల్ల మొన్న కూర్చుని ఇలగ రాయడమన్నది జరగదు." ఆయన బీరువా వైపు చూశాడు. "ఇది మా తప్పుల ఫైలులో కాగితం."

"ఏ ఫైలు?"

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. లోపలినుంచి ఆకుపచ్చ ఫైలు ఒకటి తీసి టేబుల్ మీద పరిచాడు. కాగితాలన్నిటికీ ఎడంపక్క రెండు కన్నాలు, కన్నాల పక్కన వరస అంకెలు.

"ఇది నేను పెట్టిన ఆచారం. ఎవరి లెక్క తప్పినా ఆ తప్పు లెక్క మళ్ళీ ఒక కాగితం మీద రాసి, కింద తప్పు ఒప్పుకుని క్షమాపణ రాయాలి. ఎవరి భాషలో వాళ్ళు రాయాలి. ఒడియా వాళ్ళు ఒడియాలో, మనం తెలుగులో. ఇంగ్లీషు చాటున దాక్కోకూడదని. ఇందులో తొమ్మిది నావే."

శరత్ చంద్ర కాగితాలు తిప్పాడు. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై నాలుగు.

ఇరవై మూడు లేదు.

శరత్ చంద్ర ప్లాస్టిక్ కవరును ఇరవై రెండో కాగితం పక్కన పెట్టాడు. కత్తిరించిన ఆ రెండు సెంటీమీటర్లలోనే కన్నాలూ, అంకే ఉండాలి.

"ఆవిడే తీసుకుందేమో," అన్నాడు రవికాంత్. మాటలో మునుపటి బిగువు లేదు.

"తీసుకుంటే కన్నాలెందుకు కత్తిరిస్తాది రవీ? ఫైలులోదని తెలియకూడదనుకున్న మనిషే కత్తిరిస్తాడు. బీరువాకి తాళంచెవులెన్ని సార్?"

"రెండు. ఒకటి నా దగ్గర, ఇవాళ్టి దాకా నాతోపాటే భువనేశ్వర్‌లో ఉంది. రెండోది ప్రద్యుమ్న దగ్గర."

అది చావబోతూ రాసిన ఉత్తరం కాదు కాబట్టి శ్రీసుధ చావాలనుకోలేదు. ఆ మాట గుండెల్లోకి దిగేసరికి శరత్ చంద్రకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ వెనకే ఇంకో ప్రశ్న తన్నుకొచ్చింది.

"ప్రద్యుమ్నకి ఆవిడతో ఏటి పేచీ?"

ప్రొఫెసర్ కుర్చీలో కూలబడ్డాడు. "సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. మా దగ్గర ప్రతి లెక్కా రెండు చేతుల మీద నడవాలి. ఒకరు కడతారు. రెండోవాళ్ళు ఆ కాగితాలు సూడకుండా మొదట్నించీ తమకు తామే కడతారు. ఎవరిది వాళ్ళు కవర్లో పెట్టి సీలేసి, ఈ గదిలో కాకుండా బయట దాచుకోవాలి. ఒకే రోజు అందరి ముందూ తెరుస్తాం. రెండూ కలిస్తేనే ఒప్పు. మూడేళ్ళ కిందటి పేపర్‌కి మొదటి చెయ్యి నేను. రెండో చెయ్యి ప్రద్యుమ్న."

"కలిసేయా?"

"అక్షరం తేడా లేకుండా కలిసేయి. మురిసిపోయేను. అదే లెక్క ఇప్పుడు శ్రీసుధ కడితే ఎడమ కాదు, కుడి అని వచ్చింది. నేను ఏడో పేజీలో ఒక గుర్తు తప్పేనంట. నేను తప్పితే తప్పేను. వాడు కూడా సరిగ్గా అదే పేజీలో అదే తప్పు ఎలా చేసేడు సార్ అని అడిగింది నన్ను." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "వాడు కట్టలేదు. నా కవరు తెరిచి కాపీ కొట్టేడు. రేపు శుక్రవారం ఆవిడ కవరు తెరవాల్సి ఉంది. ముందు ప్రద్యుమ్న చిత్తు కాగితాలు ఓసారి సూడాలి సార్ అంది. వాడినే అడుగమ్మా, ఇంటికాడ ఉంటాయి అన్నాను. నేనే పంపేను."

"ఇంటికాడంటే?"

"పురుషోత్తంపూర్. వాళ్ళది పాత నూనె మిల్లు. మూసేసి చాలా ఏళ్ళయింది. పాత కాగితాలన్నీ అక్కడే పెడతాడు."

శరత్ చంద్ర నోటు పుస్తకం మీద వంగాడు. బరంపురం నుంచి పురుషోత్తంపూర్‌కి నలభై ఒకటి. పురుషోత్తంపూర్ నుంచి గంజాం మొగకి ఇరవై ఎనిమిది. కూడితే అరవై తొమ్మిది. స్కూటీ ఊరు తిరగలేదు. తెల్లారుజామున శ్రీసుధ నడుపుకుంటూ మిల్లుకు వెళ్ళింది. అక్కణ్ణుంచి మొగ దాకా ఇంకెవరో నడిపారు. చెప్పులు అక్కడ వదిలి, బస్సెక్కి బరంపురం వచ్చి, లక్ష్ముడు తుడిచి వెళ్ళాక కాగితం పెట్టి, పదింపావుకి తనే చూసినట్టు చెప్పాడు ప్రద్యుమ్న.

"బతికే ఉందంటారా?" రవికాంత్ మొదటిసారి తనంతట తాను అడిగాడు.

"ఉంటాది," అన్నాడు ప్రొఫెసర్, ఆశ వదులుకోలేని గొంతుతో. "వాడికి కావల్సింది ఆవిడ కట్టిన లెక్క. కవరెక్కడుందో ఆవిడ ఒక్కదానికే తెలుసు. అది వేరేవాళ్ళ చేతిలో పడితే వాడి పని అయిపోయినట్టే. అది దొరికే దాకా ఆవిడని ఏటీ చెయ్యడు. రెండ్రోజులైనా సెప్పుండదు. మొండిది."

బ్రౌన్ కవరు. పైన తేదీ, సంతకం.

శరత్ చంద్ర తలెత్తాడు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. టీ చెప్పొస్తానని వెళ్ళిన మనిషి వెళ్ళి గంటా పది నిమిషాలైంది. టీ రాలేదు. ఈ గంటలో ఆ సంగతి తను ఒక్కసారైనా తలచుకోలేదు.

అతని వేళ్ళకు ఫోన్ మీద శ్రీజ పేరు వెతకడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. మొదటి రింగుకే ఎత్తింది.

"బాబాయ్, నేనే చేద్దామనుకుంటన్నాను." రెండ్రోజుల తర్వాత ఆ పిల్ల గొంతులో ప్రాణముంది. "అక్క దొరికిందట కదా. ప్రద్యుమ్న అన్నయ్య కారేసుకుని వచ్చేడు. మీరే పంపేరని సెప్పేడు."

"శ్రీజా, ఆ కవరు..."

"ఇచ్చేసేను బాబాయ్. అక్కే తెమ్మన్నాదట. నేనూ ముందు నమ్మలేదు. బట్టల కింద బ్రౌన్ కవరు అని అన్నయ్య సరిగ్గా సెప్పేడు. అక్క సెప్పకపోతే ఆ కవరు సంగతి తనకెలా తెలుస్తాది? అందుకే ఇచ్చేసేను."

శరత్ చంద్ర ఫోన్ స్పీకర్లో పెట్టాడు. ఆ కవరు సంగతి ప్రద్యుమ్నకు చెప్పింది తనే.

"ఎంతసేపయింది?" రవికాంత్ ఫోన్ దగ్గరకు వంగి అడిగాడు.

"అరగంట అయ్యుంటాది. ఎవరు బాబాయ్ మాట్లాడేది?"

రవికాంత్ అప్పటికే గుమ్మం దాటి మెట్లు దిగుతూ పురుషోత్తంపూర్ స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడు. అక్కడున్నది ఒక్క సెంట్రీ మాత్రమేనని, జీపూ మనుషులూ మొగ దగ్గరే ఉన్నారని అవతలివాడు చెబుతుంటే, అతను అరిచిన అరుపు రెండో అంతస్తు దాకా వినబడింది.

"బాబాయ్, వింటన్నారా? అక్క రెండ్రోజులుగా ఏటి తిందో ఏటో అని డబ్బాలో అన్నం కూడా పెట్టిచ్చేను. అన్నయ్య మర్చిపోతాడేమో, మీరు గుర్తు సెయ్యండి."

"అలాగే తల్లీ," అన్నాడు శరత్ చంద్ర, మెట్ల వైపు పరుగెడుతూ.